కాడి మీద బరువు: కృష్ణా దిగువ డెల్టాలో సరుకు బండి చరిత్ర

కృష్ణానది బెజవాడ కొండల మధ్య నుంచి బయటపడ్డాక సముద్రం చేరేదాకా రాయి దాదాపు కనిపించదు. గుడివాడ చుట్టుపక్కలా, బందరు దాకా, పులిగడ్డ దగ్గర ఏరు రెండు పాయలుగా చీలి చుట్టుకున్న దివిసీమలోనూ ఉన్నదంతా నది మోసుకొచ్చిన ఒండ్రు, నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే ఆ మట్టి చక్రాన్ని పట్టుకుని వదలదు. ఎండితే పలుగు దిగనంత గట్టిపడుతుంది. రోడ్డుకు వేసే కంకర ఎగువ నుంచి రావాలి. పంట కాలువ, మురుగు కాలువ, ఉప్పుటేరు అడుగడుగునా అడ్డం తగులుతాయి. అందువల్ల ఈ సీమలో సరుకు రవాణా చరిత్రను లాగే శక్తి పెరిగిన కథగా మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. ఎద్దు లాగినా, మనిషి లాగినా, ఇంజను లాగినా, దాని వెనక ఏం కట్టాలి, బరువులో ఎంత భాగం చక్రాల మీద ఉండాలి, ఎంత భాగం లాగేదాని మీద పడాలి అన్నవే ఇక్కడి రైతునూ బండివాణ్ణీ తరతరాలుగా ఆలోచింపజేసిన సంగతులు.

పదిహేడో శతాబ్దంలో బందరు, అంటే మచిలీపట్నం, గోల్కొండ రాజ్యపు రేవు. డచ్చివాళ్ళు 1606 నాటికి ఇక్కడ వర్తకశాల పెట్టుకున్నారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో వచ్చింది. ఓడలు ఒడ్డుకు రాలేవు. తీరం పొడవునా బురద, లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే చిన్న పడవలు సరుకు దించి ఉప్పుటేటి గుండా ఊళ్ళోకి తెచ్చేవి. అక్కడి నుంచి గోల్కొండకు భూమార్గం. 1652 జూలైలో బందరులో దిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆ దారి గురించి రాసిన మాటలు ఈ చరిత్రకు మొదటి గట్టి సాక్ష్యం. గోల్కొండకూ మచిలీపట్నానికీ మధ్య చక్రాల బండ్లు నడవవని అతను రాశాడు. కొండలు, చెరువులు, నదులు, ఇరుకు దారులు కారణమన్నాడు. తాను ఒక చిన్న బండిని వజ్రాల గనులకు తీసుకెళ్ళినా, దారి బాగాలేని చోట్ల దాన్ని ఊడదీసి అవతలికి చేర్చి మళ్ళీ బిగించుకోవలసి వచ్చిందట. ప్రపంచ వాణిజ్యంలో పేరు మోసిన రేవుకు చక్రం మీద సరుకు పోయే దారి లేదన్నమాట.

చక్రం చేయలేని పని పెరిక ఎడ్లు చేశాయి. రెండు పక్కలా వేలాడే జోడు గోనెసంచిని ఎద్దు వీపు మీద వేస్తే ఒక్కో ఎద్దు మణుగుల లెక్కన ధాన్యమో ఉప్పో మోసేది. లంబాడీలు వందల, కొన్నిసార్లు వేల ఎడ్లను మందలుగా తోలుకుంటూ తీరపు ఉప్పును లోపలి సీమలకు చేర్చి, తిరుగు ప్రయాణంలో ధాన్యం, పత్తి తెచ్చేవారు. బరువంతా లాగే జంతువు మీదే ఉన్న ఏర్పాటు అది. వాగు ఈదవచ్చు, గట్టు ఎక్కవచ్చు, ఇరుకు సందులో దూరవచ్చు. కానీ ఒక టన్ను సరుకు కదలాలంటే ఎనిమిది, పది ఎడ్లు కావాలి. వాటికి దారి పొడవునా మేత కావాలి. మేత లేని సంవత్సరం ఆ రవాణా ఆగిపోతుంది. 1832-33 నాటి నందన కరువు ఆ లోపాన్ని ఘోరంగా బయటపెట్టింది. గుంటూరు సీమలోనూ బందరు సీమలోనూ జనం ఆకలితో రాలిపోతుంటే, వేరే చోట ఉన్న ధాన్యాన్ని తెచ్చే ఎడ్లు కూడా చచ్చిపోయాయి. గుంటూరు ప్రాంతంలో జనాభాలో మూడో వంతు దాకా నశించిందని లెక్కలు చెబుతున్నాయి.

ఆ కరువు తర్వాతి చర్చల నుంచే బెజవాడ ఆనకట్ట పుట్టింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుదలతో, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన పని 1855లో పూర్తయింది. కాటన్ దృష్టిలో కాలువ అంటే సాగునీరు ఎంతో సరుకు దారి కూడా అంతే. రైళ్ళకన్నా పడవ కాలువలే ఈ దేశానికి చవకని ఆయన జీవితాంతం వాదించాడు. అందుకే బందరు కాలువ, ఏలూరు కాలువ లాంటివాటిని పడవలు నడిచేలా తవ్వారు. నీటి మట్టం మారే చోట లాకులు కట్టారు. ఏలూరు కాలువ మీదుగా గోదావరి కాలువలు కలిశాయి. కృష్ణ దాటితే కొమ్మమూరు కాలువ, ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా నీటి దారి ఏర్పడింది. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. ఎడ్లకు అసాధ్యమైన బరువును ఇద్దరు ముగ్గురు మనుషులు కదిలించగలిగారంటే, మోసే పని నీళ్ళు చేశాయి గనకే. ధాన్యం, ఉప్పు, సున్నం, కలప, రోడ్లకు రాయి, ఇటుక, చివరికి పెళ్ళివారు కూడా పడవల్లోనే కదిలారు.

అయితే పడవకూ హద్దుండేది. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే పడవలు బురదలో కూర్చునేవి. సరిగ్గా అప్పుడే రేగడి ఎండి దారులు గట్టిపడతాయి; కుప్పలు నూర్చిన ధాన్యం కళ్ళాల్లో సిద్ధంగా ఉంటుంది. వానాకాలం పడవది, వేసవి బండిది. డెల్టాలో ఎడ్లబండి కాలువలకు పోటీగా కాక జోడీగా పెరగడానికి కారణం ఈ రుతుధర్మమే. కాలువల తర్వాత బండ్లు తగ్గలేదు, పెరిగాయి. పొలం నుంచి కాలువ రేవు దాకా, రేవు నుంచి మిల్లు దాకా చక్రమే దిక్కు.

ఆ బండి తయారీని కాస్త నిలిచి చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన ప్రతి సరుకు వాహనం ఎదుర్కొన్న ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. చక్రానికి నల్లతుమ్మ కర్ర. మధ్యలో కుండ, దానిలో దిగిన ఆకులు, ఆకుల చివర కలిసే పూటీలు. చుట్టూ ఇనప పట్టా. పట్టా ఎక్కించడం వడ్రంగి, కమ్మరి కలిసి చేసే పని. చక్రంకన్నా కాస్త చిన్నదిగా చేసిన పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు గుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుని పూటీలనూ ఆకులనూ కుండలోకి బిగించేస్తుంది. మేకు లేకుండా చక్రమంతా ఒక్కటవుతుంది. ఇరుసుకు ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపిన కందెన. చక్రం ఊడకుండా చీల. పెద్ద చక్రం గుంతలను సులువుగా దాటుతుంది. సన్నని పట్టా గట్టి దారిలో తేలికగా దొర్లుతుంది, కానీ తడి రేగడిలో కత్తిలా దిగిపోతుంది. ఎద్దుల సత్తువ సగం ఆ గాడి లోంచి చక్రాన్ని పైకి లాగడానికే ఖర్చయ్యేది.

అసలు నేర్పు మాత్రం బరువు సర్దడంలో ఉంది. రెండు చక్రాల బండి తక్కెడ లాంటిది, ఇరుసు దాని ముల్లు. సరుకు ఇరుసుకు వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి, కాడికి కట్టిన పలుపులు ఎద్దుల గొంతులకు బిగుస్తాయి. ముందు ఎక్కువైతే బరువు మెడల మీద కూర్చుని కాడి పుండ్లు పడతాయి. కాడి ఊగకుండా నిలిచేంత కొద్దిపాటి మొగ్గు మాత్రమే ముందుకు ఉండాలి. చదునైన డెల్టాలో ఇది సులువనిపిస్తుంది గానీ, పడవలు కింద నుంచి పోవడానికి కాలువల మీద వంతెనలను ఎత్తుగా కట్టారు. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది, దిగేటప్పుడు ముందుకు తోస్తుంది. అందుకే వరి మోపులు, గడ్డి వేసేటప్పుడు అనుభవమున్న మనిషే బండి మీద నిలబడి అడ్డకట్టలు పేర్చి, మోకుతో బిగించేవాడు. కింద నుంచి మోపులు అందించేవాళ్ళు అతని మాట వినాల్సిందే.

బందరుకు రైలు 1908లో వచ్చింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి మరో లైను వేయడంతో గుడివాడ జంక్షనయింది. దూర ప్రయాణపు సరుకు రైలెక్కింది; పడవలకు మొదటి దెబ్బ అది. బండి మాత్రం చావలేదు. స్టేషను దాకా ధాన్యం చేరవేసే పని దానిదే. బియ్యం మిల్లులు రైలు కట్ట పక్కన వెలిశాయి, మిల్లుల ముందు బండ్ల బారులు పెరిగాయి.

1930లలో డన్‌లప్ కంపెనీ ఎడ్లబండ్లకు గాలి టైర్లు తెచ్చింది. మోటారు చక్రం, బేరింగుల ఇరుసు కలిపి అమ్మిన ఈ ఏర్పాటు డెల్టాకు బాగా అచ్చి వచ్చింది. వెడల్పాటి టైరు మెత్తటి నేలలో దిగబడదు. అదే జత ఎద్దులు చెక్క చక్రాల బండి మీద లాగే బరువుకు దాదాపు రెట్టింపు టైరు బండి మీద లాగగలవు. రోడ్డు కూడా చెడదు. చిక్కల్లా ఖరీదు, పంక్చరు. ఊళ్ళో కమ్మరి బాగుచేసుకునే చక్రం పోయి, పట్నం నుంచి ట్యూబు తెచ్చుకోవలసిన చక్రం వచ్చింది. అందువల్ల చక్కెర ఫ్యాక్టరీలున్న ఉయ్యూరు, లక్ష్మీపురం లాంటి చోట్ల, బాడుగకు తోలేవాళ్ళ దగ్గర టైరు బండి ముందు నిలదొక్కుకుంది. చెరకు కొట్టిన తర్వాత ఆలస్యమైతే రసం తగ్గి ధర తగ్గుతుంది. ఒక్కో తోలకంలో ఎక్కువ మోసే బండి అక్కడ తన ఖరీదు తానే రాబట్టుకునేది. సొంత పొలం పనికి మాత్రం చాలామంది పాత బండితోనే గడిపారు. 1970లలో బెంగళూరు ఐఐఎం డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండి మెరుగుదల కోసం దేశమంతా ప్రచారం చేసినప్పుడు చెప్పిన విషయాలు, అంటే కాడి బరువు తగ్గించడం, ఇరుసుకు బేరింగులు, గాలి టైరు, డెల్టా బండివాళ్ళకు అప్పటికే అనుభవంలో ఉన్నవే.

కానీ అప్పటికి ట్రాక్టరు వచ్చేసింది. 1960ల చివర కొత్త వరి వంగడాలు, రెండో పంట, ఎరువుల బస్తాలు కలిసి పనిని తొందర పనిగా మార్చాయి. నాట్లకు ముందు దమ్ము చేయడానికి కొన్న ట్రాక్టరు ఏడాదిలో చాలా రోజులు ఖాళీగా నిలబడుతుంది. ఆ ఖాళీ రోజుల్లో అప్పు వాయిదాలు కట్టించింది వెనక తగిలించిన ట్రక్కే. ధాన్యం, మట్టి, ఇసుక, ఇటుక, గడ్డి, పెళ్ళి సామాను, రాజకీయ సభలకు జనం: ట్రక్కు లేని ట్రాక్టరు సగం ట్రాక్టరే అని రైతులు తేల్చుకున్నారు. ఇంజను ఏ కంపెనీదన్న చర్చ రచ్చబండ మీద జరిగేది. ట్రక్కు ఎలాంటిదన్న చర్చ మాత్రం వెల్డింగు షాపులో, కొలతలతో సహా జరిగేది, ఎందుకంటే అది చాలావరకు స్థానికంగా తయారయ్యేది.

రెండు చక్రాల ట్రక్కా, నాలుగు చక్రాల ట్రక్కా అన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ మళ్ళీ ఎడ్లబండి లెక్కే. రెండు చక్రాల ట్రక్కు ఇరుసు మధ్యకన్నా వెనకగా ఉంటుంది, కాబట్టి సరుకు బరువులో కొంత భాగం డ్రాబారు మీదుగా ట్రాక్టరు వెనక చక్రాల మీద పడుతుంది. ఎద్దు మెడకు ఆ బరువు బాధ. ట్రాక్టరుకు అది బలం. వెనక టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి, తడి చేలో జారవు. వెనక్కి నడపడం సులువు, ఇరుకు గట్టు మీద తిప్పుకోవచ్చు, హైడ్రాలిక్ జాకీ పెడితే సరుకు ఒరగబోయవచ్చు. ఆ మేలు మితిమీరితే మాత్రం ముప్పు. డ్రాబారు మీద బరువు ఎక్కువైన ట్రక్కుతో వంతెన ఎక్కితే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, స్టీరింగు పనిచేయదు. సరుకు ఇరుసు వెనక పడితే ఇంకోలా ముప్పు: వెనక చక్రాల పట్టు తప్పుతుంది.

నాలుగు చక్రాల ట్రక్కు తన బరువు తానే మోస్తుంది. ముందు ఇరుసు తిరుగుడు పళ్ళెం మీద ఉండి ట్రాక్టరు వెంట తిరుగుతుంది. పిన్ను తీసి మిల్లు ముందు వదిలేసి, ట్రాక్టరు మరో పనికి పోవచ్చు; ధాన్యం దించడానికి గంటలు పట్టే రోజుల్లో ఇది చిన్న లాభం కాదు. చదును రోడ్డు మీద ఎక్కువ బస్తాలు పడతాయి. డెబ్బై అయిదు కిలోల బస్తాలు అరవై వేస్తే నాలుగున్నర టన్నులు. చేలోకి దిగితే మాత్రం ట్రాక్టరు మీద బరువేమీ పడదు గనక టైర్లు ఊరికే తిరుగుతాయి. వెనక్కి నడపడం కొత్త డ్రైవరుకు శిక్ష. కాబట్టి రోడ్డు పక్క పొలాలున్నవాళ్ళు, మిల్లులకు, ఫ్యాక్టరీలకు తోలేవాళ్ళు ఒకదాన్ని, లోపలి చేలున్నవాళ్ళు మరోదాన్ని ఎంచుకోవడం సహజం. రెండింటికీ ఉమ్మడి లోపం బ్రేకులు. చాలా ట్రక్కులకు అవి ఉండవు. నాలుగు టన్నులను ఆపే భారమంతా ట్రాక్టరుదే. వంతెన దిగుడులో ట్రక్కు ముందుకు తోసి, మడతపడి కాలువలోకి పడిన ప్రమాదాలు ఈ సీమ పత్రికల్లో ప్రతి పంటకాలంలోనూ కనిపిస్తాయి. ఇది తప్పించలేని విషయమేమీ కాదు. ట్రక్కుకు బ్రేకులు పెట్టే పరిజ్ఞానం పాతదే. పెట్టనిది ఖర్చుకు వెనకాడి.

చట్టం ట్రక్కును ట్రాక్టరులో భాగంగా చూడదు. 1988 మోటారు వాహనాల చట్టం ట్రెయిలరును విడి వాహనంగా నిర్వచించింది. దానికి వేరే రిజిస్ట్రేషను, వేరే నంబరు కావాలి. వ్యవసాయానికని రిజిస్టరైన జతను బాడుగకు తిప్పినా, ట్రక్కులో కూలీలను ఎక్కించినా, ప్రమాదం జరిగినప్పుడు బీమా వివాదంలో పడుతుంది. నాట్లకూ కోతలకూ కూలీలను ట్రక్కులో తీసుకెళ్ళడం డెల్టాలో మామూలు. నష్టమంతా ఆ కూలీల కుటుంబాల మీదే పడడం చాలా అన్యాయం.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో రవాణా ఎంత బలహీనంగా ఉందో చూపించింది. సముద్రం కొన్ని మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. పశువుల లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఎడ్లు పోయిన రైతుకు బండి ఉన్నా లేనట్టే. అవనిగడ్డ ప్రాంత నాయకుడు మండలి వెంకట కృష్ణారావు సహాయ, పునర్నిర్మాణ పనుల్లో నిలిచిన తీరును దివిసీమ ఇప్పటికీ తలచుకుంటుంది. తర్వాతి ఏళ్ళలో తుపాను ఆశ్రయాలతోపాటు వాటికి చేరే రోడ్లు పడ్డాయి. ప్రాణాలు కాపాడడానికి వేసిన ఆ రోడ్లే తర్వాత సరుకు దారులయ్యాయి.

నది పాయలు దాటడం మరో కథ. వంతెనలు లేని చోట బల్లకట్టు, పంటు. రెండు పడవలను కలిపి పైన బల్లలు పరిచి బండినీ ఎద్దులనూ కలిపి దాటించేవారు. ఎంత బరువు ఎక్కించవచ్చో పంటు నడిపేవాడు నీళ్ళలో పడవ మునిగిన లోతు చూసి చెప్పేవాడు. కృష్ణ మీద పులిగడ్డ–పెనుమూడి వారధి ఈ శతాబ్దం మొదట్లో పూర్తయి రేపల్లె వైపు దారి తెరిచింది. ఇప్పుడు 216వ జాతీయ రహదారి దాని మీదుగానే పోతుంది. పాయకు అడ్డంగా ఉల్లిపాలెం–భవానీపురం వంతెన బందరు వైపు నుంచి కోడూరుకు దగ్గర దారి ఇచ్చింది. నాగాయలంక మండలంలో ఎదురుమొండి దీవికి మాత్రం ఏటిమొగ నుంచి పంటే దిక్కుగా మిగిలింది. అక్కడ బండి కొనేవాడు ముందు పంటు ఎంత మోస్తుందో చూసుకోవాలి.

లారీల సంగతి కొద్దిగా. 1958లో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడి, కృష్ణా జిల్లా బస్సు మార్గాలను జాతీయం చేయబోతే ఇక్కడి బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోరాడారు. బస్సులు చివరికి ప్రభుత్వపరమయ్యాయి. సరుకు రవాణా మాత్రం ప్రైవేటు చేతుల్లోనే ఉండిపోయింది. విజయవాడ జవహర్ ఆటోనగర్ లారీ బాడీలు కట్టడంలో పేరు తెచ్చుకుంది. పది టన్నుల లారీకీ ట్రాక్టరు ట్రక్కుకూ మధ్య చాలాకాలం ఏమీ లేదు. 1980లలో జపాను కంపెనీల పొత్తుతో తేలికపాటి లారీలు వచ్చాయి. వాటిలో జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్ తెలుగువాళ్ళకు బాగా తెలిసిన బండి.

ఆ మధ్య ఖాళీని నిజంగా నింపాలన్న ఒత్తిడి చెరువుల నుంచి వచ్చింది. కొల్లేరు అంచుల్లో కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువులు 1970ల చివర నుంచి విస్తరించాయి. 1990ల మొదట్లో కృత్తివెన్ను, బంటుమిల్లి, నాగాయలంక తీరంలో టైగర్ రొయ్య వచ్చింది. 1994 తర్వాత తెల్లమచ్చ రోగం దాన్ని కూల్చింది. 2009లో వనామీ రొయ్యకు కేంద్రం అనుమతి ఇచ్చాక చెరువులు మళ్ళీ నిండాయి. వరి వారం రోజులు కళ్ళంలో ఆగుతుంది. రొయ్య గంటలు కూడా ఆగదు. పట్టుబడి చేసిన వెంటనే ఐసులో పెట్టి ప్రాసెసింగ్ ప్లాంటుకు తోలాలి. ఆలస్యమైతే తల నల్లబడి ధర పడిపోతుంది. చెరువుకు చేరాల్సిన సరుకుకూ తొందరే. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. తెల్లారేలోపు జనరేటరో, విడిభాగమో, ఆక్సిజన్ బిళ్ళలో చెరువు గట్టుకు చేరకపోతే ఒక పంట పెట్టుబడి మొత్తం నీళ్ళమీద తేలుతుంది. చిన్న సరుకు, చాలా విలువ, వెంటనే: ఈ మూడు కలిసిన పని డెల్టాలో ఇంతకు ముందు లేదు.

గట్టు ఇరుకు. లారీ దాని మీదకు రాదు, ట్రాక్టరు వస్తుంది గానీ హైవే మీద దానికి వేగం లేదు. 2005 మే నెలలో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చింది. రెండు సిలిండర్ల ఇంజను, ముప్పావు టన్ను మోత, ఆటో తిరిగే సందులో తిరిగే కొలత. బొలేరో పికప్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ లాంటివి ఒకటి నుంచి ఒకటిన్నర టన్ను దాకా మోస్తాయి. బందరు గిలకలదిండి హార్బరు నుంచి చేపలకూ, పెడన నుంచి అద్దకం బట్టల మూటలకూ, గుడివాడ నుంచి మేత బస్తాలకూ ఇవే తిరుగుతున్నాయి.

కొనేవాడు చూసుకునే విషయాలు ఎడ్లబండి కాలం నాటివే, రూపం మారింది. మొదటిది ఇరుసుకు, తొట్టికి పొంతన. తొట్టి పొడవుగా ఉండి వెనక ఇరుసు దాటి చాలా దూరం పోతే ఐసు పెట్టెలు ఎక్కువ పడతాయి, కానీ బరువు వెనక్కి మొగ్గి ముందు చక్రాలు తేలికపడతాయి. గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగు వదులవుతుంది. రెండోది కమాను కట్టలు. ఎక్కువ మోయించాలని అదనపు పట్టీలు వేయించడం మామూలైంది. పట్టీలు బరువు మోస్తాయి గానీ బ్రేకులనూ టైర్లనూ పెంచవు. మూడోది తొట్టి రకం. తెరిచిన తొట్టిలో బస్తాలు, ఏరియేటర్లు, పైపులు అన్నీ పడతాయి, తిరుగు బాడుగ సులువుగా దొరుకుతుంది. ఇన్సులేటెడ్ పెట్టె బిగిస్తే రొయ్యకు మంచిది, ఐసు ఆదా. కానీ రొయ్య లేని నెలల్లో బండి ఖాళీ. చాలామంది తెరిచిన తొట్టి తీసుకుని, విడి ఐసు పెట్టెలను దించి ఎక్కించుకునే పద్ధతికి మొగ్గడం తెలివైన పనే. నాలుగోది ఉప్పుగాలి, ఉప్పునీరు. రొయ్య ట్రేల నుంచి కారే నీరు తొట్టి అడుగును తినేస్తుంది. అడుగున మందపాటి రేకు, నీరు పోయే దారి లేని బాడీ రెండేళ్ళలో తుప్పు పడుతుంది.

ఇదే రకం తొందర సరుకు అమెరికాలో వేరే బండిని పుట్టించింది. టెక్సస్ చమురు బావుల దగ్గర యంత్రం చెడితే విడిభాగాలను వెంటనే చేర్చడానికి 1970లలో పికప్ యజమానులు మొదలుపెట్టిన పనిని హాట్‌షాట్ అంటారు. అక్కడ పికప్ మోయదు, లాగుతుంది. బంపరు వెనక కొక్కేనికి తగిలించే ట్రెయిలరు చవక, కానీ పికప్ మీద పడే బరువు వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది. గూస్‌నెక్ ట్రెయిలరు మెడ వంచి పికప్ తొట్టి మధ్యలో, సరిగ్గా వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. ముప్పై, నలభై అడుగుల పొడవైనా అంతగా ఊగదు. అందుకే ఆ పనికి అదే స్థిరపడింది. ట్రాక్టరు మీద బరువు మోపే రెండు చక్రాల ట్రక్కు సూత్రమే అది. లైసెన్సు హద్దు కూడా ఎంపికను శాసిస్తుంది: ట్రెయిలరు రేటింగు 10,000 పౌండ్లకు మించి, బండీ ట్రెయిలరూ కలిపి 26,000 పౌండ్లు, అంటే సుమారు 11.8 టన్నులు దాటితే అక్కడ వాణిజ్య లైసెన్సు తప్పనిసరి. కాబట్టి ఎంతోమంది ఆ గీతకు లోపల ఉండేలా ట్రెయిలరు రేటింగు చూసుకుని కొంటారు.

కృష్ణా డెల్టాలో హద్దు వేరు చోట ఉంది. 7,500 కిలోల లోపు సరుకు బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. బీమా కంపెనీల అభ్యంతరాల తర్వాత 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. పికప్‌లన్నీ ఆ హద్దుకు చాలా లోపల ఉన్నాయి. కారు లైసెన్సున్న కుర్రాడు బ్యాంకు అప్పుతో పికప్ కొని బాడుగకు దిగగలుగుతున్నాడు. పికప్ వెనక ట్రెయిలరు కట్టే ఆలోచన మాత్రం ఇక్కడ నిలవలేదు. ట్రెయిలరుకు వేరే నంబరు, వేరే బీమా కావాలి. చెరువు గట్టు చివర దాన్ని తిప్పే చోటు లేదు. ఎత్తు వంతెనల మీద బ్రేకుల్లేని ట్రెయిలరు ఎలా ప్రవర్తిస్తుందో ట్రాక్టరు ట్రక్కులు చూపిస్తూనే ఉన్నాయి. ఒకటిన్నర టన్నుకు మించి సరుకుంటే లారీ దొరుకుతుంది. అందువల్ల ఈ సీమలో తగిలించే బండి ట్రాక్టరు దగ్గరే ఆగింది, పికప్ తన సరుకు తన వీపు మీదే మోస్తోంది. దమ్ము చక్రాలు విప్పిన ట్రాక్టరు కోతల తర్వాత ధాన్యం ట్రక్కును మిల్లుకు లాగుతుంది; అదే రోడ్డు మీద రాత్రివేళ రొయ్యల పికప్‌లు ప్లాంటుకు పోతాయి.